బాచయ్య సాహిణి కొలువు అడిగిన కథ

ఒకానొక రాజ్యంలో, నలుగురినీ నవ్వించడమే కొలువుగా బతికిన ఒక మనిషి, తాను నవ్వడం మరిచిపోయాడు.

ఆ రాజ్యం పేరు పాలవాగు. ఆ మనిషి పేరు బాచయ్య. పాలవాగును ఏలే రణమల్ల భూపాలుడి సభలో అతను నల్లజుట్టుతో అడుగుపెట్టి, తల నెరిసేదాకా ఉన్నాడు. కవిత్వం చెప్పినవాడు కాదు, శాస్త్రాలు వల్లించినవాడూ కాదు. మాట మాత్రం ఉంది. రాజు కోపంతో ఊగిపోతూ ఎవరినైనా ఊరు వెళ్ళగొట్టమంటే, పక్కనుంచి బాచయ్య ఒక్క మాట విసిరేవాడు. రాజు పకపకా నవ్వేవాడు. ఆ నవ్వులో శిక్ష కాస్తా కొట్టుకుపోయేది. "బాచయ్య నోట్లో నాలుక ఆడినంతకాలం మన మెడ మీద తల ఉంటుంది" అనుకునేవారు ఊళ్ళో.

రణమల్లుడు చెడ్డవాడని చెప్పడానికి లేదు. కరువొస్తే ధాన్యపు కొట్లు తెరిపించేవాడు. శత్రువు మీదికొస్తే అందరికంటే ముందు నిలబడేవాడు. ఉన్నది ఒక్కటే తెగులు. తనకు రాని విద్య ఒకటి ఉందంటే ఒప్పుకోడు. వంటవాడికి పులుసులో ఉప్పెంత వెయ్యాలో చెప్పేవాడు. వైద్యుడికి నాడి చూడటం నేర్పేవాడు. ఒకసారి శిల్పి చేతిలో ఉలి లాక్కుని, కొత్త మండపంలో రాతి ఏనుగుకు తొండం విరగ్గొట్టాడు. "ఇది యుద్ధంలో గాయపడిన ఏనుగు. అలాగే ఉండాలి" అన్నాడు. సభంతా "ఆహా" అంది.

ఆ రోజుల్లో రాజుగారి గుర్రపుసాలలో మల్లు అనే సాహిణి ఉండేవాడు. కొదమ గుర్రాలకు నడక నేర్పి, కళ్ళేనికి అలవాటు చేసి, మనిషిని మోయడం నేర్పి రౌతులకు అప్పగించేవాణ్ణి సాహిణి అంటారు. ఒక పండగనాడు రాజు అందరి ముందూ ఒక కొదమ గుర్రాన్ని చిటికేసి పిలిచాడు. అది నేరుగా వచ్చింది. వచ్చి, రాజును దాటుకుని వెళ్ళి, వెనకున్న మల్లు భుజం మీద మూతి ఆనించింది. జనం నవ్వారు.

మర్నాటికి మల్లుకు కొలువు లేదు.

"గుర్రాలు మావి. మా గుర్రాలకు నేర్పడానికి జీతమిచ్చి ఇంకొకణ్ణి పెట్టుకోవడమేమిటి?" అన్నాడు రాజు. తన గురించి చెప్పుకోవలసినప్పుడు ఆయన ఎప్పుడూ 'మేము' అనే అనేవాడు. "మేమే నేర్పుతాం."

నేర్పాడు. మేఘం అని ఒక నల్లని కొదమను ఎంచుకుని, కట్టుకొయ్యకు బిగించి, మేత తగ్గించి, కొరడా చేతబట్టి నేర్పాడు. కొన్నాళ్ళకు రాజు చెయ్యెత్తితే చాలు, అది నిలువునా వణికేది. ఆ వణుకు చూసి ఆయన వినయమనుకున్నాడు.

దసరా వచ్చింది. కోట ముందు మైదానంలో ఊరు ఊరంతా చేరింది. రాజు నేర్పిన గుర్రాన్ని మొదట ఎవరు ఎక్కాలి? రాజుగారి కళ్ళు రౌతుల వరస మీద తిరిగి, బాచయ్య కొడుకు సింగయ్య మీద ఆగాయి.

"మా బాచయ్య కొడుక్కే ఆ గౌరవం!" అన్నాడు.

సింగయ్య ఒక్కగానొక్క కొడుకు. మాటకారితనంలో తండ్రి పోలిక రాలేదు. ముభావి. గుర్రాలంటే ప్రాణం. మల్లు ఉన్నప్పుడు అతని వెనకే తిరిగి సవారీ నేర్చుకున్నాడు. రాజు పేరు పిలవగానే కాసేపు ఆగాడు, తర్వాత వెళ్ళి ఎక్కాడు. మైదానం సగందాకా గుర్రం బాగానే నడిచింది. జనం కేరింతలు కొట్టారు. వాళ్ళలో ఎవరో సంతోషం పట్టలేక ఉత్తరీయం పట్టుకుని చెయ్యి పైకెత్తి ఊపారు.

ఎత్తిన ఆ చెయ్యి మేఘం కంటబడింది. అంతే. అది కళ్ళు తెల్లగా తేలేసి కోటగోడ వైపు దూసుకుపోయింది. సింగయ్య కళ్ళెం వదల్లేదు. దాన్ని మళ్ళించాలనే చూశాడు. గోడ దగ్గర పడ్డాడు. పడ్డవాడు మరి లేవలేదు.

రాజు ఆసనం మీంచి లేచి నిలబడ్డాడు.  మైదానమంతా ఆయన నోటివైపే చూస్తోంది. చివరికి అన్నాడు.

"గుర్రంలో లోపం లేదు. లోపం రౌతులో ఉంది."

"చిత్తం, చిత్తం" అన్నాడు మంత్రి కొమ్మన. పెద్దలందరూ తలలూపారు.

బాచయ్య అప్పటికే కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని గోడ మొదట్లో కూర్చుని ఉన్నాడు. ఆ మాట విన్నాడు. ఊళ్ళో ప్రతివాడి కోసమూ మాట దొరికిన ఆ నోటికి, కన్నకొడుకు కోసం ఒక్కటీ దొరకలేదు.

ఆ రోజు నుంచి బాచయ్య ఇంట్లో అలికిడి లేదు. సింగయ్య గుర్రపుసాల నుంచి వచ్చే వేళకు తల్లి కామసాని ఎప్పుడూ పెరట్లో కాగులో నీళ్ళు కాచి ఉంచేది. గుర్రపు వాసనతో వంటింట్లోకి రావద్దని కేకలేసేది. ఇప్పటికీ ఆ వేళకు పొయ్యి రాజేసేది. నీళ్ళు మరిగాక గుర్తొచ్చేది. చల్లారేదాకా అక్కడే కూర్చుని, తర్వాత అరటిమొక్కల్లో పారబోసి లోపలికి వచ్చేది.

ఆమె భర్తను ఒక్కసారే అడిగింది.

"అంతమంది ముందు మన వాడికి సవారీ రాదన్నారట. మీరేమన్నారు?"

బాచయ్య తల దించుకున్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. తిట్టినా బాగుండునని అతనికి చాలాసార్లు అనిపించింది.

కొలువు మానడానికి లేదు కనక సభకు వెళ్ళేవాడు. తన చోట కూర్చునేవాడు. "ఏదైనా చెప్పవయ్యా" అని రాజు అడిగితే "చిత్తం" అనేవాడు. అంతకుమించి మాట వచ్చేది కాదు. మొదట్లో రాజు ఓపిక పట్టాడు. తర్వాత విసుక్కున్నాడు.

"ఏడుపుకైనా ఒక హద్దుండాలి బాచయ్యా. మేము నీకు జీతమిచ్చేది మౌనానికి కాదు" అన్నాడొకనాడు. బాచయ్య దానికీ "చిత్తం" అన్నాడు.

మళ్ళీ దసరా దగ్గర పడుతుండగా, రేవు నుంచి కొత్త గుర్రాలు వచ్చాయి. అన్నీ కొదమలే. సన్నటి కాళ్ళు, పెద్ద పెద్ద కళ్ళు. ఓడ ప్రయాణానికి బెదిరి, ఒకదాని వెనక ఒకటి దాక్కుంటున్నాయి. వాటి సంగతి సభలో ప్రస్తావనకు వచ్చింది.

సేనాపతి ఎర్రమనాయకుడు గొంతు సవరించుకుని, "ప్రభూ, ఈసారి ఎవరినైనా తెలిసిన సాహిణిని పిలిపిస్తే..." అన్నాడు.

"ఎందుకు?" అన్నాడు రాజు.

ఆ 'ఎందుకు'కు జవాబు సభలో అందరికీ తెలుసు. ఎవరూ చెప్పలేదు. సేనాపతి కూర్చుండిపోయాడు.

"దేవరవారి చేతిని మించిన చెయ్యి ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు కొమ్మన మంత్రి.

రాజు మీసం దువ్వాడు. "మేమే నేర్పుతాం. దసరానాడు ఈ ఊరి కుర్రకారు మేము నేర్పిన గుర్రాలనెక్కి ఊరేగాలి. ఎవరెవరు ఎక్కాలో కూడా మేమే చెబుతాం." అని ఒక్కొక్క కుర్రాడి పేరే చదివాడు. పేరు వినబడ్డప్పుడల్లా సభలో ఒక తండ్రి ముఖం పాలిపోయింది.

మర్నాడు పొద్దున్నే మాచమ్మ బాచయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె భర్త పాత యుద్ధంలో పోయాడు. బొల్లన అని ఒక్కడే కొడుకు. రాజు చదివిన పేర్లలో వాడిదీ ఉంది.

"బాచయ్యగారూ, మీ గుమ్మంలోకి ఈ పనిమీద రాకూడదని తెలుసు. సిగ్గు చంపుకుని వచ్చాను" అంది. "నా కొడుకు నాకు మిగలాలి. మీరొక్క మాట చెప్పండి."

"నా మాటలో పస పోయిందమ్మా" అన్నాడు బాచయ్య. "సొంత కొడుక్కే పనికిరాలేదు. నీ కొడుక్కేం పనికొస్తుంది? వెళ్ళి రాజుగారి కాళ్ళమీద పడు."

"పడ్డాను. 'మా గుర్రాన్ని ఎక్కడం గౌరవం, ఏడుస్తావేం' అన్నారు."

 మాచమ్మ ద్వారబంధం పట్టుకుని అలాగే నిలబడింది. అప్పుడు లోపలినుంచి కామసాని వచ్చింది. మాచమ్మ చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టింది. భర్త వైపు తిరిగింది.

"వెళ్ళండి" అంది.

"వెళ్ళి ఏం చెప్పను కామసానీ? ఆయన ముందు నిలబడితే నాకు ఏడుపు తప్ప ఏమీ రాదు."

"ఏడవకండి. ఏడుపు వినే చెవి ఆయనకు లేదు. నవ్వు వినే చెవి ఒకటుంది. అందులోనుంచే చెప్పండి."

"నవ్వించమంటావా? నన్ను?"

కామసాని మాచమ్మ వైపు చూసింది. "మనకు జరిగింది జరిగిపోయింది. ఇంకొక ఇంట్లో జరగకూడదు. మీకు వచ్చిన విద్య అదొక్కటే. దాన్ని మన దుఃఖంలో కట్టేసి ఉంచకండి" అంది.

బాచయ్య రెండు పూటలు గదిలోంచి బయటికి రాలేదు. వచ్చినప్పుడు భార్యను ఒక పాత చీర అడిగాడు. దాన్ని తలకు చుట్టుకోబోయాడు. కుదరలేదు. ఆమే చుట్టింది. ఆ పాగా బుట్టంత అయింది, ఒక పక్కకు ఒరిగింది. అతను సరిచేసుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"వంకరగానే ఉండనివ్వండి. నవ్వొస్తుంది" అంది. అంటున్నప్పుడు ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి.

నిండుసభలోకి బాచయ్య అలా వచ్చాడు. తలమీద బుట్టంత పాగా. ఉత్త కాళ్ళకు మోకాళ్ళదాకా తోలుపట్టీలు. చేతిలో తనకంటే పొడుగైన కొరడా. ఆ కొరడా కాళ్ళకు అడ్డం పడి, సింహాసనం ముందుకు వచ్చేసరికి ముగ్గురి మీద తూలాడు. సభంతా గొల్లుమంది. రాజు కళ్ళు మెరిశాయి. ఎన్నాళ్ళకు! తన బాచయ్య తనకు దొరికాడు.

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు రాజు, ఆటలో కలిసి.

"మహాప్రభో! తమ గుర్రపుసాలలో సాహిణి కొలువు ఖాళీగా ఉందని విని దూరాభారం వచ్చాను."

"ఖాళీగా లేదే! ఆ పని మేమే చేస్తున్నాం."

"విన్నాను ప్రభూ. అయితే తమకు రాజ్యం ఏలడమని ఇంకొక చిన్నపని కూడా ఉందట. ఆ పనికి ఆటంకం కలక్కుండా, ఒక్క కొదమను నాకు అప్పగిస్తే దసరా నాటికి తయారుచేసి పెడతాను."

రాజు నవ్వుతూ గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు. "నీకు గుర్రమెక్కడం వచ్చా?"

"రాదు ప్రభూ. నాకెందుకు రావాలి? ఎక్కేవాడు వేరే ఉంటాడుగా!"

సభ విరగబడి నవ్వింది.

"పోనీ, గుర్రాల గురించి ఏం తెలుసు?"

"కొరడాను ఏ చివర పట్టుకోవాలో తెలుసు." బాచయ్య కొరడాను తిరగేసి పట్టుకుని, తడుముకుని, మళ్ళీ సరిగా పట్టుకున్నాడు. "ఇప్పుడు తెలిసింది."

రాజుకు నవ్వి నవ్వి కళ్ళవెంట నీళ్ళు వచ్చాయి. "ఈ విద్య ఏ గురువు దగ్గర నేర్చావయ్యా?"

"గురువా? ఎంతమాట ప్రభూ! గురువు దగ్గర నేర్చుకుంటే, నాకు తెలియనిది ఇంకొకడికి తెలుసని ఒప్పుకున్నట్టు కాదూ? మా వంశంలో ఆ అలవాటు లేదు."

ఈసారి నవ్వు కాస్త పలచబడింది. ఒకరిద్దరు తలలు దించుకున్నారు. రాజు మాత్రం ఇంకా ఆటలోనే ఉన్నాడు.

"నేర్పే పద్ధతైనా ఉందా, అదీ లేదా?"

"పద్ధతి ఉంది ప్రభూ. ముందు కట్టుకొయ్యకు బిగిస్తాను. మేత తగ్గిస్తాను. మాట వినకపోతే కొరడా. విన్నా కొరడా, మరిచిపోకుండా. నా చెయ్యి లేస్తే అది వణకాలి. వణికిననాడు దానికి విద్య వచ్చినట్టు."

రాజు ఠక్కున తొడ చరిచాడు. "శభాష్! తమాషాకు అన్నా సరిగ్గా అన్నావు. మా పద్ధతీ అదే. అంతకుమించిన పద్ధతి లేదు."

"అయితే నాకు కొలువు దొరికినట్టేనా?"

"దొరికినట్టే!"

"ధన్యుణ్ణి." బాచయ్య నేలమీద సాగిలపడి లేచాడు. "ఇంకొక్క మనవి. నేను నేర్పిన గుర్రాన్ని దసరానాడు మొట్టమొదట యువరాజావారు ఎక్కాలి. ఆ గౌరవం నాకు దయచేయాలి."

సింహాసనం పక్కన కూర్చున్న యువరాజు అనంతుడు తలెత్తాడు. అతనిది సింగయ్య ఈడే. రాజు ముఖంలో నవ్వు ఇంకా ఉంది గాని, కళ్ళలో లేదు.

"యువరాజా?"

"అవును ప్రభూ. పద్ధతి సరైనదని తమరే సెలవిచ్చారు."

"పద్ధతి సరైనదే. చెయ్యి ఎవరిదన్నది చూడవద్దూ? నీకు సవారీ రాదు. గుర్రం మనసు తెలియదు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నీలాంటివాడు కొట్టి కొట్టి బెదరగొట్టిన గుర్రం మీద..." రాజు గొంతు పెద్దదైంది. "ఏ తండ్రైనా కొడుకును ఎక్కిస్తాడటయ్యా?"



బాచయ్య కొరడా నేలమీద పెట్టాడు. పాగా తీసి దానిపక్కన పెట్టాడు. నెరిసిన జుట్టు ముఖం మీద పడింది.

"ఒక తండ్రి ఎక్కించాడు ప్రభూ" అన్నాడు.

అంత పెద్ద సభలో ఆ మాట చివరి వరసదాకా వినబడింది. అతను గొంతు పెంచలేదు.

"రాజధిక్కారం!" అని లేచాడు కొమ్మన మంత్రి. "ప్రభూ, ఈ..."

"ఆగండి మంత్రిగారూ." అన్నాడు యువరాజు. ఆసనం దిగి తండ్రి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.  "నాన్నగారూ, నన్ను ఎక్కనివ్వండి. సింగయ్య ఎక్కాడు కదా. ఆ రోజు వాడి పక్కన నేనున్నాను. మీరు వాడి పేరు పిలిచినప్పుడు నాతో ఒక మాట అన్నాడు. 'యువరాజా, ఈ గుర్రం భయంతో చచ్చిపోతోంది, ఇంకా మనిషిని మోసే స్థితిలో లేదు' అన్నాడు. మరి ఎక్కనని చెప్పు అన్నాను. 'చెబితే రాజుగారికి చిన్నతనం. ఆ కోపం మా నాన్న మీద పడుతుంది. ఈ కొలువులో మా నాన్న తలెత్తుకోవద్దా?' అన్నాడు. అని వెళ్ళి ఎక్కాడు. ఈ మాట చెప్పడానికి ఇన్నాళ్ళూ నాకు ధైర్యం చాలలేదు."

బాచయ్య ఇది ఎరగడు. ఇంటినుంచి బయల్దేరినప్పుడు రాజు ఏమంటే తానేమనాలో ప్రతిమాటా కూర్చుకుని వచ్చాడు. ఇది అందులో లేదు. చెయ్యి చాచి స్తంభాన్ని పట్టుకున్నాడు. ఆ దసరానాటి కొడుకు ముఖం కళ్ళముందు మెదిలింది. పేరు పిలిచినప్పుడు ఆ కాసేపు వాడెందుకు ఆగాడో అప్పుడు తెలిసింది. తెలివిగలవాడని పేరు మోసిన తనకోసం, మాటకారి కాని ఆ పిల్లవాడు తనతో ఒక్కమాటా అనకుండా గుర్రమెక్కాడు.

రాజు మెట్లు దిగి వచ్చాడు. ఆయన నడకలో ఎప్పుడూ ఉండే రాజసం లేదు. బాచయ్య ఎదురుగా వచ్చి, ఏదో అనబోయి ఆగాడు.

"మేము..." అన్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "నన్ను ఇప్పుడేం చెయ్యమంటావు బాచయ్యా? నాకు చేతకాదని ఇంతమంది ముందు ఒప్పుకుని, రేపు ఏ ముఖంతో ఆ ఆసనం మీద కూర్చోను?"

బాచయ్య దగ్గర ఒక మాట ఉంది. దాన్ని ఆ ఏడాదంతా గుండెలో నూరుకుంటూ వచ్చాడు. అది అంటే ఆ రాజు ఆ సభలో మళ్ళీ ఎన్నడూ తలెత్తలేడు. నాలుక చివరిదాకా వచ్చింది. కాని ఎదురుగా ఉన్నవాడు కొడుకు వైపే చూస్తున్నాడు. పక్కకు చూపు తిప్పితే ఆ పిల్లవాడు ఉండడేమోనన్నట్టు చూస్తున్నాడు. ఆ చూపు బాచయ్యకు తెలుసు. ఆ మాట మింగేశాడు.

"ఒప్పుకోవడమెందుకు ప్రభూ?" అన్నాడు. "గుర్రాలకు నేర్పేవాణ్ణి సాహిణి అంటారు. ఆ సాహిణిని కొలువులో పెట్టుకునేవాణ్ణి రాజంటారు. ఇన్నాళ్ళూ తమరే మరిచిపోయి ఒక మెట్టు కిందికి దిగి పనిచేస్తున్నారు. పాపం, జీతం కూడా పుచ్చుకోలేదు! తమరు మళ్ళీ రాజవుతానంటే కాదనేదెవరు?"

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత రాజు నవ్వాడు. ముందు ముక్కులోంచి, తర్వాత గొంతులోంచి, తర్వాత పెద్దగా. సభకు ఊపిరి వచ్చింది. అందరూ నవ్వారు. కొమ్మన మంత్రి కూడా నవ్వాడు. రాజు నవ్వుతూ నవ్వుతూ బాచయ్య భుజం మీద చెయ్యి వేశాడు. నవ్వు అక్కడే విరిగిపోయింది. ఆ చెయ్యి తీయకుండా, తల వంచుకుని నిలబడ్డాడు.

"ఏం కావాలో కోరుకో" అన్నాడు చివరికి. "ఏటి ఒడ్డున పచ్చటి ఊరు ఒకటుంది. ఇస్తాను."

"ఊరు తర్వాత ప్రభూ. ఆ రోజు మైదానంలో తమరొక మాట అన్నారు. దాన్ని వెనక్కి తీసుకోండి."

రాజు సభ వైపు తిరిగాడు.

"వినండి. గుర్రంలో లోపం లేదన్నాను, అది నిజం. లోపం రౌతులో ఉందన్నాను, అది అబద్ధం. సింగయ్య మంచి రౌతు. లోపం నేర్పిన చేతిలో ఉంది. ఆ చెయ్యి నాది."

బాచయ్య ఇంటికి వెళ్ళేసరికి కామసాని గుమ్మంలోనే ఉంది. రాజు అన్న మాట అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. ఆమె విన్నది.

"మళ్ళీ చెప్పండి" అంది.

మళ్ళీ చెప్పాడు. 'సింగయ్య మంచి రౌతు' అన్నచోట ఆమె అతని చెయ్యి పట్టుకుంది. తర్వాత యువరాజు చెప్పినదీ చెప్పాడు. దాచడం అతని తరం కాలేదు. కొడుకు పోయిన నాటినుంచి గొంతెత్తి ఏడవని ఆ తల్లి, ఆ రోజు వీధి వీధంతా వినబడేలా ఏడ్చింది. బాచయ్య ఆమె పక్కనే కూర్చుని తనూ ఏడ్చాడు.

పాలవాగులో ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది రాజు నవ్వి ఊరిచ్చాడన్న దగ్గరే ఆపేస్తారు. పిల్లలకు అంతవరకు చాలు. కాని తర్వాత కొంత ఉంది.

మల్లును వెతికించారు. పొరుగుసీమలో ఎవరి పొలమో కాస్తూ కనిపించాడు. ముసలివాడైపోయాడు. రాజే స్వయంగా ఎదురువెళ్ళి పిలుచుకొచ్చాడు. మల్లు కొదమలను చూసి, "ఇవి ఈ దసరాకు కావు ప్రభూ" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టారు. "ఎప్పటికైతే అప్పుడే కానియ్యి" అన్నాడు రాజు. ఆ ఏడు పండగ ఊరేగింపు లేకుండానే జరిగింది. రాజు ఇచ్చిన ఊరిని బాచయ్య ఉంచుకోలేదు. దాని ఏటి ఒడ్డు పచ్చికను ఆ కొదమల మేతకు వదిలేశాడు. మేఘాన్ని మల్లు తన ఇంటికి తోలుకుపోయాడు. దానిమీద మరెవ్వరూ ఎక్కలేదు. ఎక్కమని ఎవరూ అనలేదు.

బాచయ్య మళ్ళీ సభలో మాట్లాడటం మొదలుపెట్టాడు. రాజు మళ్ళీ నవ్వేవాడు. మునుపటిలా కాకుండా, నవ్వే ముందు ఒకసారి బాచయ్య ముఖంలోకి చూసి నవ్వేవాడు.

మరుసటి దసరాకు గుర్రాలు తయారయ్యాయి. కామసాని మైదానానికి వస్తానంది. వద్దని బాచయ్య బతిమాలాడు. ఆమె వినలేదు. ఇద్దరూ జనం వెనక నిలబడ్డారు. మాచమ్మ కొడుకు బొల్లన ముందు వరసలో ఉన్నాడు. తప్పెట్లు మోగాయి. జనం కేకలేశారు, ఉత్తరీయాలు ఎగరేశారు. గుర్రాలు చెవులు నిక్కించాయే గాని అడుగు తప్పలేదు. కోటచుట్టూ తిరిగి వచ్చి, రాజు ముందు ఆగాయి. కుర్రాళ్ళు దిగుతున్నారు. వాళ్ళ తల్లులు ఎదురు పరుగెత్తుతున్నారు.

కామసాని ఎవరినీ పలకరించలేదు. చివరి కుర్రాడి రెండో కాలు నేలమీద ఆనేదాకా రెప్పవేయకుండా చూసింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని భర్త వైపు తిరిగింది.

"అందరూ దిగారు. ఇక పదండి, ఇంటికి పోదాం" అంది.